కొత్త ట్యాంకులో చేపలు నాలుగు రోజుల్లో చనిపోయాయి, అంతా కడిగి మళ్లీ మొదలుపెట్టాలా?

ప్రశ్న (కూకట్‌పల్లి)

అందరికీ నమస్తే. మా బాబు పుట్టినరోజుకి రెండడుగుల ట్యాంకు కొన్నాం, 55 లీటర్ల దాకా పడుతుంది. షాపతను కుళాయి నీళ్లలో క్లోరిన్‌ని పోగొట్టే యాంటీ క్లోరిన్ చుక్కలు ఇచ్చి రేపే చేపలు వేసుకోవచ్చన్నాడు, మర్నాడే మూడు గోల్డ్‌ఫిష్‌లు, రెండు మాలీలు తెచ్చి వేశాం. మూడో రోజుకి నీళ్లు పలచటి మజ్జిగలా అయిపోయాయి, గోల్డ్‌ఫిష్‌లు పైకొచ్చి నోళ్లు తెరుస్తూ గాలికి అల్లాడాయి. నిన్నటికి ఆ మూడూ పోయాయి, ఒక మాలీ కూడా పోయింది. మిగిలిన ఒక్కదాని దగ్గరే కూర్చుని బాబు అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. నీళ్లన్నీ పారబోసి రాళ్లు, ఫిల్టర్ సబ్బుతో కడిగేయనా? సైక్లింగ్ చేయాలని ఎవరో అన్నారు, అదేంటి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (విజయవాడ)

అన్నా, సబ్బు అసలు తగలనివ్వకండి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కూడా పెట్టకండి. మీ చేపల్ని చంపింది దాదాపుగా అమ్మోనియానే. చేప మొప్పల నుంచి, రెట్ట నుంచి, తినకుండా వదిలేసిన మేత నుంచి అది నీళ్లలోకి వస్తూనే ఉంటుంది, మొప్పల్ని కాల్చేస్తుంది, అందుకే పైకొచ్చి నోళ్లు తెరిచాయి. పాత ట్యాంకులో అయితే ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, నైట్రేట్ మాత్రం కొంతవరకు పర్లేదు, వారం వారం నీళ్లు మారిస్తే పోతుంది. ఈ బాక్టీరియా స్పాంజిలో, గులకరాళ్ల మీద పట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అదే సైక్లింగ్. యాంటీ క్లోరిన్ వేసినంత మాత్రాన ఆ పని జరగదు.

మాలీని ఎవరైనా పాత ట్యాంకు ఉన్నవాళ్లకి ఇచ్చేయగలిగితే ఇచ్చేయండి. తర్వాత ఒక పచ్చి రొయ్యని పలచటి గుడ్డలో మూటకట్టి ట్యాంకులో వేలాడదీస్తే అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది, బాక్టీరియాకి అదే తిండి. ఇవ్వడం కుదరకపోతే రొయ్య వద్దు, రోజూ పావు వంతు నీళ్లు మార్చండి, మేత రెండు రోజులకోసారి చిటికెడు చాలు. చుక్కల టెస్ట్ కిట్ తప్పకుండా కొనండి. నా కిట్‌లో గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్లు పోసి చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగితే, పసుపు అంటే అమ్మోనియా లేదని, ఆకుపచ్చ అంటే ఉందని.

జవాబు (భీమవరం)

మాకు రొయ్యల చెరువులున్నాయండి, అమ్మోనియా అంటే మా ఇంట్లో అందరికీ భయమే. నీటి పీహెచ్ (పులుపు, క్షారం ఎంతుందో చెప్పే కొలత) పెరిగేకొద్దీ అది మరింత విషమవుతుంది, కాబట్టి పీహెచ్ కూడా చూసుకోండి. జియోలైట్ అనే ఖనిజపు రాళ్లు వేయమని ఎవరైనా చెప్తారు, అది అమ్మోనియాని లాగేసుకుంటుంది నిజమే, కానీ బాక్టీరియాకి తిండి లేకుండా పోతుంది, సైక్లింగ్‌లో ఉన్నప్పుడు వద్దు. ఇంకొకటి, ఫిల్టర్ రాత్రుళ్లు ఆపకండి. బాక్టీరియాకి కూడా ఆక్సిజన్ కావాలి. కరెంటు పోతుంటే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి పెట్టుకోండి. నైట్రైట్ వచ్చాక లీటరుకి ఒక గ్రాము చొప్పున అయోడిన్ లేని కళ్లుప్పు కలిపితే ఆ నైట్రైట్ చేప ఒంట్లోకి వెళ్లడం తగ్గుతుంది, మాలీకి ఉప్పు బాగానే పడుతుంది.

జవాబు (వరంగల్)

వీళ్లు చెప్పినవన్నీ సరే, కానీ ఆరు వారాలు ఆగక్కర్లేని దారి ఒకటుంది. ఏళ్ల తరబడి జబ్బు లేకుండా నడుస్తున్న ట్యాంకు తెలిసినవాళ్ల ఇంట్లో ఉంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజిలో సగం అడగండి. ఆ ట్యాంకు నీళ్లతోనే కవర్లో వేసుకుని, ఆరనివ్వకుండా తెచ్చి మీ ఫిల్టర్లో పెట్టేయండి. చూడ్డానికి గోధుమరంగు జిడ్డుతో అసహ్యంగా ఉంటుంది, పిండబుద్ధేస్తుంది, పిండకండి. నేను అలా చేస్తే పది రోజుల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాయి.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తర్వాత

మాలీ బతికే ఉంది! మా ఆఫీసులో ఒకాయన స్పాంజి ముక్క ఇచ్చారు. రోజూ పొద్దున బాబే గొట్టంలో చుక్కలు లెక్కపెట్టి వేస్తున్నాడు. అమ్మోనియా నాలుగు రోజులుగా పసుపే, నైట్రైట్ మాత్రం ఇంకా వంకాయ రంగులో వస్తోంది. ఈ ఆదివారం గోల్డ్‌ఫిష్ తేవచ్చా?

జవాబు (విజయవాడ)

ఇప్పుడే వద్దన్నా, ఆ వంకాయ రంగు పోయి లేత నీలం రావాలి, వారం రోజులు వరసగా అలాగే ఉండాలి. అప్పుడు కూడా మాలీకి తోడుగా రెండు మాలీలే తెచ్చుకోండి. గోల్డ్‌ఫిష్ జానెడు పెరుగుతుంది, రెండడుగుల ట్యాంకు దానికి సరిపోదు.