వరద బురద కలిసే చోట సముద్రపు నీటి ప్లాంటు నడుస్తుందా అండి?

నమస్కారం అండి. మాది కాకినాడకు దిగువన, కోరింగ మడ అడవులకు దగ్గర్లో ఉన్న తీర గ్రామం. పరిశ్రమల కోసం సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే ప్లాంటు మా వైపు కడతారని మాట వినిపిస్తోంది. కాలువ నీళ్లు ఫ్యాక్టరీలకు పోకుండా దాళ్వా (రబీ) వరికి మిగిలితే శివారు రైతులకు అంతకంటే ఏం కావాలి? కానీ చేపల వేట మీద బతికేవాళ్లకు టెన్షన్‌గా ఉంది.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆర్‌ఓ పద్ధతిలో (నీటిని ఒత్తిడితో సన్నని పొరల గుండా పంపి ఉప్పు వేరుచేసే పద్ధతి) 100 లీటర్లు తోడితే 40, 45 లీటర్లే మంచినీళ్లు. మిగిలినదాంట్లో ఉప్పు దాదాపు రెట్టింపు. అది బరువు కాబట్టి తిరిగి సముద్రంలో వదిలితే అడుగునే పరుచుకుంటుంది. మా కాకినాడ బే లోతు తక్కువ, పైగా హోప్ ఐలాండ్ అడ్డు. రొయ్య పిల్లలు, పీత పిల్లలు పెరిగేది అక్కడే. ఆ ఉప్పునీటిని ఎంత దూరం పైపు వేసి, ఎంత లోతులో వదిలితే నష్టం ఉండదు?

ఇంకో సందేహం. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరదకు ఇక్కడి సముద్రం ఎర్రబారుతుంది. ఆ బురద ఆర్‌ఓ పొరలకు పట్టేయదా? ముందే వడకట్టే ఏర్పాటు సరిపోతుందా, ఆ నెలల్లో ప్లాంటు ఆపాలా?

చెన్నై దగ్గర మీంజూరులో, నెమ్మేలిలో రోజుకు 10 కోట్ల లీటర్ల ప్లాంట్లు కట్టారు కదా. అక్కడ పనిచేసినవాళ్లు గానీ, ఆ తీరంలో వేటాడేవాళ్లు గానీ ఉంటే దయచేసి చెప్పండి. ప్రజాభిప్రాయ సేకరణ పెడితే మేం ఏ లెక్కలు అడగాలో కూడా రాయండి, ఊళ్లో అందరికీ చదివి వినిపిస్తాను.