ఘనా ఐఎంఎఫ్ షరతుల్లో ఆడవాళ్ల ఊసే లేదు, మరి భారం వాళ్ల మీద ఎలా పడుతోంది?

పీజీ_ఎకనామిక్స్:
సెమినార్ పేపర్‌కి ఘనా తీసుకున్నాను. 2023 మే 17న ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) మూడేళ్ల కాలానికి సుమారు 300 కోట్ల డాలర్ల అప్పు ఆమోదించింది. షరతులు చూస్తే లోటు తగ్గించాలి, పన్నుల రాబడి పెంచాలి, కరెంటు ఛార్జీలు సవరించాలి... ఎక్కడా ఆడ, మగ అన్న మాట లేదు. "పొదుపు చర్యల దెబ్బ మహిళలకే" అని వ్యాసాలన్నీ రాస్తాయి గానీ, ఆ దెబ్బ ఏ దారిన వచ్చి తగులుతుందో చెప్పవు. కాస్త విడమరిచి చెప్తారా?

లెక్కల_పద్దు:
ముందు ఆ అప్పు గురించి ఐఎంఎఫ్ విడుదల చేసిన డాక్యుమెంట్ చివర్లో ప్రభుత్వం రాసిచ్చిన లేఖ, దానికి జతపరిచిన లక్ష్యాల పట్టిక తీయండి. అందులో రెండు రకాలుంటాయి. పెర్ఫార్మెన్స్ క్రైటీరియా తప్పితే, తర్వాతి విడత డబ్బు రావడానికి ఐఎంఎఫ్ బోర్డు మినహాయింపు ఇవ్వాలి. ఇండికేటివ్ టార్గెట్ తప్పితే ఆ మినహాయింపు అక్కర్లేదు. ఘనా పట్టికలో ప్రైమరీ బ్యాలెన్స్ (వడ్డీ చెల్లింపులు పక్కనపెట్టి చూసే రాబడి, ఖర్చుల తేడా) మొదటి రకం. సామాజిక వ్యయం ఇంతకు తగ్గకూడదన్న లక్ష్యం రెండో రకం. ఖజానాకి కటకట వచ్చిన నెలలో ఆర్థిక శాఖ దేన్ని కాపాడుకుంటుందో, దేన్ని వాయిదా వేస్తుందో దీన్నిబట్టే తెలిసిపోతుంది. నా దృష్టిలో మీ పేపర్‌కి వెన్నెముక ఇదే.

పేదలకిచ్చే లీప్ నగదు సాయాన్ని 2023లో రెట్టింపు చేశారన్నది నిజమే. ఒక్క లబ్ధిదారు ఉన్న ఇంటికి రెండు నెలలకోసారి ఇచ్చే 64 సెడిలు (ఘనా కరెన్సీ) 128 అయ్యాయి. కానీ ఆ 64 సెడిలన్నది ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న మొత్తం. 2022 డిసెంబరులో ద్రవ్యోల్బణం 54.1 శాతం. పోయినదాంట్లో కొంత తిరిగొచ్చిందంతే.

సంత_బేరం:
పై మాటతో ఏకీభవిస్తాను, కానీ కథ 2023లో మొదలవలేదు. 2021 మార్చిలో ఘనా యూరోబాండ్లు (విదేశీ మార్కెట్లో డాలర్లలో అమ్మే అప్పుపత్రాలు) అమ్మి 300 కోట్ల డాలర్లు తెచ్చుకోగలిగింది. మరుసటి ఏడాది అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీ పెంచడం, ఘనా అప్పు రేటింగులు పడిపోవడం, ఆ మార్కెట్ తలుపు మూసుకుపోవడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. ఐఎంఎఫ్ దగ్గరికి వెళ్లకుండా గట్టెక్కుదామని 2022 మేలో ప్రభుత్వమే ఈ-లెవీ వేసింది. మొబైల్ మనీలో (ఫోన్ ద్వారా డబ్బు పంపడం) రోజుకి 100 సెడిలు దాటిన బదిలీ మీద 1.5 శాతం.

మార్కెట్ మహిళ టోకు వర్తకుడికి 1,000 పంపితే 900 మీద 13.50 కోత పడేది. పన్ను శాఖలో నమోదైన వ్యాపారులకు చేసే చెల్లింపులకి మినహాయింపు ఉండేది. కానీ సంతలో తట్ట పెట్టుకున్న చిల్లర వర్తకుల్లో నమోదైనవాళ్లు ఎంతమంది? చాలామంది మళ్లీ నోట్ల కట్టలకే మళ్లారు.

రెండో దారి మారకపు రేటు. 2022 మొదట్లో డాలరుకు 6 సెడిలుండగా నవంబరుకల్లా రెట్టింపు దాటింది. ఎండాకాలం టమాటా పొరుగు దేశం బుర్కినా ఫాసో నుంచి వచ్చేది, తెచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. అక్కడ చెల్లించాల్సింది యూరోకి ముడిపెట్టిన అక్కడి కరెన్సీ సీఎఫ్ఏ ఫ్రాంకుల్లో. ఉదాహరణకి పెట్టె 500 సెడిల లెక్కన పది పెట్టెల డబ్బు చేతిలో ఉందనుకోండి. సరుకు అమ్మి తిరిగి వెళ్లేసరికి పెట్టె 600 అయితే ఆ 5,000కి ఎనిమిదే వస్తాయి. అప్పు చేయకుండానే పెట్టుబడి కరిగిపోతుంది.

దీనికి తోడు సుసు. మన చీటీలాంటిదే, కాకపోతే వసూలుదారు రోజూ దుకాణానికే వస్తాడు. రోజుకి 20 చొప్పున 31 రోజులు కడితే ఒక రోజు సొమ్ము అతని కూలి, 600 చేతికొస్తాయి. వడ్డీ ఉండదు. ధరలు అలా పరుగెత్తే ఏడాదిలో ఆ 600 విలువ ఏమవుతుందో మీరే లెక్కేయండి.

పీజీ_ఎకనామిక్స్:
చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ ధన్యవాదాలు. శానిటరీ ప్యాడ్ల పన్ను కూడా ఐఎంఎఫ్ పెట్టించిందేనా? కరెంటు, ఆస్పత్రి సంగతి?

ఆరోగ్య_బడ్జెట్:
ప్యాడ్ల విషయంలో జాగ్రత్త. దిగుమతి ప్యాడ్ల మీద 20 శాతం సుంకం పాతదే. 2023 జనవరిలో వ్యాట్ 12.5 నుంచి 15 అయింది. 100 సెడిల సరుకుకి సుంకం కలిపితే 120, దాని మీద అప్పటి 6 శాతం లెవీలు (ప్రత్యేక పన్నులు), ఆపైన వ్యాట్ వేస్తే సుమారు 146. పాత వ్యాట్‌తో అయితే 143. అంటే కొత్తగా పడింది మూడు సెడిలే. అసలు దెబ్బ ఆ 100 దగ్గరే ఉంది: సెడి పడిపోయి మూల ధర పెరిగితే, శాతాల్లో ఉన్న పన్నులన్నీ దాంతోపాటే పెరుగుతాయి. ఈ మొత్తాన్నీ ఐఎంఎఫ్ ఖాతాలో రాస్తే వైవాలో దొరికిపోతారు.

కరెంటు ఛార్జీలు 2022 సెప్టెంబరులో సగటున 27.15 శాతం, 2023 ఫిబ్రవరిలో మళ్లీ 29.96 శాతం పెరిగాయి. కలిపితే ఐదు నెలల్లో 65 శాతం. గడ్డకట్టిన చేపలు అమ్మే ఆడవాళ్లకి ఫ్రీజర్ ఆపే వీలుండదు, ఆపితే సరుకే పోతుంది.

ఆస్పత్రి సంగతి మరీ బాధాకరం. 2008 నుంచి ప్రసవ వైద్యం ఆరోగ్య బీమా కింద ఉచితం. దానికోసం 2.5 శాతం లెవీ జనం దగ్గర వసూలవుతూనే ఉంది. కానీ 2017లో ఒక చట్టం తెచ్చి, ఇలాంటి ప్రత్యేక నిధులన్నీ కలిపి పన్ను రాబడిలో 25 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. మిగతాది ఖజానాకే. బీమా సంస్థ నుంచి బకాయిలు ఆలస్యమైతే ఆస్పత్రి మందులు బయట కొనుక్కోమంటుంది. కార్డు చేతిలో ఉన్న గర్భిణి కూడా డబ్బు పట్టుకునే వెళ్లాలి.

2025 బడ్జెట్‌లో బీమా నిధి మీద ఆ పరిమితి ఎత్తేశారు, ఏప్రిల్‌లో ఈ-లెవీ రద్దయింది. ఐఎంఎఫ్ ప్రోగ్రాం నడుస్తుండగానే ఈ రెండూ జరిగాయి. కాబట్టి ప్రతి సమీక్ష నివేదికలోనూ ఆ లక్ష్యాల పట్టిక వరసగా పక్కపక్కన పెట్టి, సామాజిక వ్యయం ఎప్పుడు తప్పింది, అదే కాలంలో ప్రైమరీ బ్యాలెన్స్ లక్ష్యం అందిందా లేదా చూడండి.