4294967297: క్యాలిక్యులేటర్ లేకుండా 641 ఎలా దొరికింది?

లెక్కల ట్యూషన్:
పదో తరగతి పిల్లలకి ప్రధాన సంఖ్యలు చెబుతున్నాను. 2కి 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఆ వరసలో తర్వాతది 2³²+1, అంటే 4294967297. ఇదీ ప్రధాన సంఖ్యేనని 1640లో ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641 × 6700417గా విడగొట్టాడు. ప్రధాన సంఖ్యల్లో 641 వరసలో 116వది. మరి ఆయన 3, 5, 7 అంటూ ఒక్కోదానితో భాగించుకుంటూ పోయాడా? ఒక అమ్మాయి అడిగింది. పిల్లలకి అర్థమయ్యే జవాబు కావాలండీ.

పాత మాస్టారు:
అన్నిటితో అక్కర్లేదండీ. p అనే ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తే, p−1 కచ్చితంగా 64కి గుణిజం అయి తీరాలి. ఎందుకంటే, pతో భాగించినప్పుడు 2³²కి శేషం −1 కింద లెక్క. వర్గం చేస్తే 2⁶⁴కి శేషం 1. అంటే 2 ఘాతాల శేషాలు సరిగ్గా 64 అడుగులకోసారి మళ్లీ మొదటికొస్తాయి. ఇక p−1వ ఘాతం దగ్గర శేషం 1 రావాలని ఫెర్మా సిద్ధాంతమే చెబుతోంది. కాబట్టి p−1ని 64 భాగించాల్సిందే.

65, 129, 193 అని 64 చొప్పున పెంచుకుంటూ పోండి. అందులో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అయిదోదానికే దొరికేసింది! 1732లో ఆయిలర్ తన దారి చెప్పలేదు, ఈ నియమాన్ని తర్వాత నిరూపించాడు. ఫెర్మా మాత్రం ఆ సిద్ధాంతాన్ని 1640లోనే ఉత్తరంలో రాశాడు. చేతిలో ఉన్నదాన్ని ఇక్కడ వాడలేదే అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

శేషాల పిచ్చి:
మాస్టారు చెప్పింది పిల్లలకి కాస్త బరువేమో. ముందు 641తో సరిచూసే పద్ధతి చూపించండి, పెద్ద భాగహారం అవసరమే లేదు.
2⁸ = 256.
2¹⁶ = 65536. ఇందులోంచి 641 × 102 = 65382 తీసేస్తే 154.
154 వర్గం 23716. ఇందులోంచి 641 × 36 = 23076 తీసేస్తే 640.
అంటే 2³²కి శేషం 640. ఒకటి కలపండి, 641. అంతే, నిశ్శేషం.

లెక్కల ట్యూషన్:
ఇది బోర్డు మీద అయిదు నిమిషాల్లో అయిపోతుంది, చాలా థ్యాంక్సండీ. మరి 6700417 సంగతి? అది ప్రధాన సంఖ్యేనని చేత్తో తేల్చగలమా?

పాత మాస్టారు:
తేల్చొచ్చు. దాన్ని భాగించేది ఏదైనా 4294967297నీ భాగిస్తుంది కదా, కాబట్టి అదే 64 నియమం దీనికీ వర్తిస్తుంది. వర్గమూలం 2588 చిల్లర. అక్కడిదాకా 64 చొప్పున వచ్చే ప్రధాన సంఖ్యలు చూస్తే చాలు. 641ని మళ్లీ చూడటం మర్చిపోకండి. ఆ అమ్మాయికే ఇవ్వండి ఈ లెక్క, ఒక్క సాయంత్రం పని.