బిహార్ రేషన్ కార్డుతో తిరుపతిలో ఆపరేషన్ చేయించొచ్చా?

రేణిగుంట సైట్: సెంట్రింగ్ పనివాళ్లు 20 మంది, బిహార్, ఒడిశా వాళ్లు. ఒకతనికి గజ్జల్లో హెర్నియా, ఆపరేషన్ తప్పదన్నారు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు లేదు. ఇంకొకతని భార్యకు ఏడో నెల. ఇద్దరినీ ఎక్కడికి పంపాలి?

కార్డు కౌంటర్: ఎన్టీఆర్ వైద్య సేవ మన రాష్ట్రం వాళ్లకే. బిహార్ అతనికి దారి ఆయుష్మాన్ భారత్: కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, వేరే రాష్ట్రంలోనూ చెల్లుతుంది. ఉత్త రేషన్ కార్డు చూపిస్తే చాలదు. పేరు జాబితాలో ఉండి ఈ-కేవైసీ అయ్యుండాలి, కార్డు మనిషికొకటి. ఆయుష్మాన్ యాప్‌లో రాష్ట్రం బిహార్ పెట్టి ఆధార్ నెంబరుతో వెతకండి. ఆంధ్రప్రదేశ్ పెట్టి ‘పేరు రాలేదు’ అని వదిలేసేవాళ్లే ఎక్కువ. సిమెంటు పనిచేసే చేతులకు వేలిముద్ర సరిగా పడదు, ముఖం స్కానో ఓటీపీయో వాడండి. ఓటీపీ వచ్చే నెంబరు ఊళ్లో ఇంకెవరి దగ్గరో ఉంటే ముందే ఫోన్ చేసి చెప్పి పెట్టుకోండి. ఒడిశా ఈ పథకంలో చేరింది 2025లోనే. అంతకుముందు లేదన్నవాళ్లూ మళ్లీ వెతకాలి.

రుయా (తిరుపతి ప్రభుత్వ ఆసుపత్రి) దగ్గర: కార్డు వచ్చేదాకా ఆగొద్దు. రుయా సర్జరీ ఓపీకి ఆధార్‌తో పంపండి, వేరే రాష్ట్రమని వెనక్కి పంపరు. ఆయుష్మాన్‌లో ఓపీ ఖర్చు రాదు, అడ్మిట్ అయితేనే. అడ్మిషన్‌కు ముందు 3 రోజులు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు అందులోకే వస్తాయి. ప్రైవేటుకు పోతే చేరకముందే అక్కడ పథకం కౌంటర్ చూసే వైద్య మిత్రను అడగండి, బిహార్ కార్డు తీసుకుంటారా అని. ముందు డబ్బు కట్టి తర్వాత బిల్లు పెట్టుకోవడం దీన్లో కుదరదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పీ వాంతులూ మొదలైతే పేగు ఇరుక్కున్నట్టు. అప్పుడు ఓపీ, కార్డు అని చూడకుండా 108కి ఫోన్ చేయండి.

అసలు ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఏమైంది? 10 మంది, అంతకు పైన ఉన్న సైటు, నెలకు 21,000 లోపు కూలి అంటే కట్టాల్సిందే: యజమాని 3.25 శాతం, పనివాడు 0.75. మేస్త్రి మనుషులని తప్పించుకోలేరు, బాధ్యత ప్రధాన యజమానిదే.

వార్డు ఏఎన్ఎం: ఏడో నెల ఆమెను రుయా పక్కనున్న ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి పంపండి. ముందు ఈ వారమే ఆశాతో పేరు రాయించండి. ఊళ్లో ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు ఉంటే ఫోటో తెప్పించండి. టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) సూదులు ఎన్ని పడ్డాయో అందులోనే ఉంటుంది. హిమోగ్లోబిన్ 11 లోపుంటే మాత్రలు, 7 లోపుంటే మాత్రలతో సరిపోదు, అడ్మిషనే. కాన్పు గదిలోకి మగవాళ్లను రానివ్వరు కాబట్టి హిందీ, తెలుగు రెండూ వచ్చిన ఆడమనిషిని ఇప్పుడే చూసిపెట్టండి. పుట్టిన 21 రోజుల్లోగా జననం నమోదు కావాలి. తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి, ఊరికి పోయాక దిద్దించడానికి మళ్లీ ఇక్కడికే రావాలి.

రేణిగుంట సైట్: యాప్‌లో పేరు దొరికింది. రేషన్‌లో పేరు చివర ‘కుమార్’ లేదు, ఆధార్‌లో ఉంది. పర్వాలేదా?

కార్డు కౌంటర్: పెట్టేయండి. తేడా ఎక్కువనిపిస్తే పెండింగ్‌లో పడుతుంది, ఆమోదం బిహార్ వైపు నుంచి రావాలి. ఆలోపు రుయాలో పరీక్షలు కానివ్వండి.