లాప్‌టాప్‌తో వచ్చిన విండోస్‌ని అదే లాప్‌టాప్‌లో వర్చువల్ మెషిన్‌లో వాడితే తప్పా?

బెజవాడ డీటీపీ:
అందరికీ నమస్కారం. నా లాప్‌టాప్‌తో పాటే విండోస్ 11 హోమ్ సింగిల్ లాంగ్వేజ్ వచ్చింది. ఈమధ్య దాన్ని తీసేసి ఉబుంటు లైనక్స్ వేసుకున్నాను. కానీ తెలుగు డీటీపీ అంటే అను ఫాంట్లు, పాత పేజ్‌మేకర్ ఫైళ్లు. విండోస్ లేకుండా నాకు పని జరగదు. అందుకే ఉబుంటు లోపలే సాఫ్ట్‌వేర్‌తో తయారయ్యే ఇంకో కంప్యూటర్, అంటే వర్చువల్ మెషిన్‌లో విండోస్ పెట్టాను. ఇంకో కారణం కూడా ఉంది. పెళ్లి కార్డులకీ, కరపత్రాలకీ మ్యాటర్ తెచ్చేవాళ్ల పెన్‌డ్రైవ్‌ల నిండా వైరస్‌లే. ఇక్కడైతే ముందే స్నాప్‌షాట్ (ఆ క్షణంలో మెషిన్ ఎలా ఉందో దాచిపెట్టే నకలు) తీసి పెట్టుకుంటే, ఏదైనా తేడా వచ్చినప్పుడు రెండు నిమిషాల్లో వెనక్కి వెళ్లిపోవచ్చు.

ఇబ్బంది ఏంటంటే ఆ విండోస్ యాక్టివేట్ కావట్లేదు. స్క్రీన్ మీద కుడివైపు కింద 'యాక్టివేట్ విండోస్' అని ఉండిపోయింది. విండోస్ కీ లాప్‌టాప్ బయాస్‌లోనే (మదర్‌బోర్డు మీద ఉండే సాఫ్ట్‌వేర్) ఒక టేబుల్‌లో ఉంటుందని, ఆ టేబుల్‌ని క్యూఈఎంయూ (వర్చువల్ మెషిన్లు నడిపే ప్రోగ్రామ్) ద్వారా వర్చువల్ మెషిన్‌కి చూపిస్తే చాలని తెలిసినాయన ఒకరు చెప్పారు. అలా చేయవచ్చా? డబ్బు కట్టాను, మెషిన్ అదే, వాడేది ఒక్క కాపీ. ఇందులో ఎవరి సొత్తు కాజేశానో నాకు అర్థం కావట్లేదు.

సర్వర్ రూమ్:
ఒప్పందం ప్రకారం కుదరదండీ. మీది ఓఈఎమ్ లైసెన్స్, అంటే కంప్యూటర్ తయారీదారు మెషిన్‌తో పాటే ఇచ్చేది. ఏ మెషిన్‌తో వచ్చిందో దాంతోనే ఉండాలి, అమ్మినా దాంతో కలిపే అమ్మాలి. పైగా మైక్రోసాఫ్ట్ షరతుల్లో డివైజ్ అంటే చేత్తో పట్టుకునే మెషిన్ ఒక్కటే కాదు, వర్చువల్ మెషిన్ కూడా డివైజే. కాబట్టి మీ లాప్‌టాప్ లోపలే నడుస్తున్నా ఆ లెక్కలో అది ఇంకో డివైజ్. దానికి విడిగా లైసెన్స్ ఉండాలి. విడిగా కొనే రీటైల్ లైసెన్స్ అయితే పాతదాంట్లో తీసేసి కొత్తదాంట్లోకి మార్చుకునే వీలుంది.

ఆ టేబుల్ చూపించి యాక్టివేట్ చేసుకున్నా హక్కు వచ్చినట్టు కాదు. యాక్టివేషన్ సర్వర్ చూసేది కీని, హార్డ్‌వేర్ వివరాలని. మీరు సంతకం పెట్టినంత పని చేసి ఒప్పుకున్న షరతుల్ని అది చూడదు.

పెంగ్విన్ పల్లె:
అన్నా, ఆ షరతులు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 2007లో విస్టా వచ్చినప్పుడు హోమ్ బేసిక్, హోమ్ ప్రీమియం ఎడిషన్లని అసలు వర్చువల్ మెషిన్‌లో వాడకూడదని రాశారు. ఖరీదైన ఎడిషన్లకి మాత్రం ఓకే. ఏడాది తిరిగి 2008 జనవరి వచ్చేసరికి ఆ నిషేధం ఎత్తేశారు. ఆ ఏడాదిలో టెక్నాలజీ ఏం మారింది? ఆ తర్వాత విండోస్ 7 ప్రొఫెషనల్ కొన్నవాళ్లకి ఎక్స్‌పీ మోడ్ పేరుతో లైసెన్స్ ఉన్న ఎక్స్‌పీ వర్చువల్ మెషిన్‌ని వాళ్లే ఉచితంగా ఇచ్చారు. గీత ఎక్కడ గీయాలన్నది అమ్మేవాడి అవసరాన్ని బట్టి మారుతోంది.

ఈయన విండోస్‌ని ఇంకో మెషిన్‌కి తీసుకెళ్లలేదు. అదే ప్రాసెసర్, అదే ర్యామ్, అదే డిస్క్. మధ్యలో లైనక్స్ అనే పొర వచ్చింది, అంతే. దీన్ని రెండో డివైజ్ అనడం కాగితం మీద మాట.

సర్వర్ రూమ్:
తమ్ముడూ, చరిత్ర నువ్వు చెప్పింది నిజమే. కానీ ఆయన అడిగింది ఇవాళ్టి రూల్ గురించి.

ఒంగోలు అడ్వకేట్:
మన చట్టం కోణం కూడా చూడాలి. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఏఏ) ప్రకారం, ప్రోగ్రామ్ కాపీ న్యాయంగా ఎవరి దగ్గరైతే ఉందో వాళ్లు దాన్ని ఏ పనికోసం తీసుకున్నారో ఆ పనికి వాడుకోవడానికి కాపీ చేసుకుంటే అది ఉల్లంఘన కాదు. బెజవాడ గారి వాదన ఈ సెక్షన్‌కి చాలా దగ్గరగా ఉంది. ఎదుటిపక్షం ఏమంటుందంటే, ఆ కాపీని ఇచ్చిందే ఆ మెషిన్ మీద నేరుగా నడపడానికి, వర్చువల్ మెషిన్ ఆ 'పని' కిందికి రాదు అని. నా దృష్టిలో రెండూ నిలబడే వాదనలే.

అయితే ఒక జాగ్రత్త. ఉల్లంఘించిన కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే సెక్షన్ 63బి వర్తిస్తుంది. ఏడు రోజులకి తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసం, వ్యాపారం కోసం కానప్పుడు కోర్టు జైలు లేకుండా వదిలే వీలుంది. డీటీపీ షాపుకి ఆ వెసులుబాటు దొరకదు. ఒప్పందం మీరడం, కాపీరైట్ ఉల్లంఘించడం రెండూ ఒకటి కావు గానీ, ఆ తేడా మీద మీ షాపుని పణంగా పెట్టమని నేను సలహా ఇవ్వను.

బెజవాడ డీటీపీ:
ఇది చదివాక టెన్షన్ పెరిగింది సార్. ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకి కీలు దొరుకుతున్నాయి కదా, ఒకటి కొంటే గొడవ వదులుతుందా?

వరంగల్ ల్యాబ్:
దయచేసి ఆ పని మాత్రం చేయకండి. వాటిలో చాలావరకు ఏదో కంపెనీకి చాలా మెషిన్ల కోసం ఇచ్చిన వాల్యూమ్ కీలు. ఇవాళ యాక్టివేట్ అవుతుంది, రేపు ఆ కీని బ్లాక్ చేస్తారు. బిల్లు అడిగితే మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

దీనికి సరిగ్గా తలకిందులుగా మా కాలేజీ ల్యాబ్‌లో జరిగింది. లైసెన్సులన్నీ సక్రమంగా ఉన్నాయి. ల్యాబ్ మెషిన్లని లోపలే యాక్టివేట్ చేసే సొంత కేఎంఎస్ సర్వర్ ఉంది. అది పని చేయాలంటే కనీసం 25 క్లయింట్ మెషిన్లు దాన్ని అడగాలి, వర్చువల్ మెషిన్లు కూడా లెక్కలోకి వస్తాయి. మా దగ్గర అంతకన్నా ఎక్కువే ఉన్నాయి. అయినా ప్రతి మెషిన్ మీదా 0xC004F038 ఎర్రర్, అంటే సంఖ్య సరిపోలేదని. ఆ సర్వర్ వాడే 1688 పోర్టు చూశాం, ఫైర్‌వాల్ చూశాం, అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి తేలిందేంటంటే, ఒక్క వర్చువల్ మెషిన్‌ని తయారుచేసి సిస్‌ప్రెప్ (మెషిన్ గుర్తింపు వివరాల్ని చెరిపేసే పని) చేయకుండా అన్నింటికీ క్లోన్ చేశారు. దాంతో అన్నింటి క్లయింట్ ఐడీ ఒకటే అయిపోయింది. సర్వర్‌కి మా ల్యాబ్ అంతా ఒక్క మెషిన్‌లా కనపడింది. ప్రతిదాంట్లో ఆ ఐడీని కొత్తగా చేసే రీఆర్మ్ కమాండ్ కొట్టాక లెక్క కదిలింది.

హక్కు ఉన్నవాడికి మెషిన్ వద్దంది. అయిదు వందల కీ వాడికి సరే అంటుంది. అందుకే నేను సర్వర్ రూమ్ గారితో ఏకీభవిస్తాను: స్క్రీన్ మీద టిక్ పడిందా లేదా అన్నదాన్ని బట్టి తప్పొప్పులు తేల్చకూడదు.

పెంగ్విన్ పల్లె:
మరి అదే నా బాధ కూడా. తాళానికీ ఒప్పందానికీ పొంతన లేనప్పుడు నష్టపోయేది నిజాయితీగా అడిగేవాడే. అడగనివాడు ఈపాటికి టేబుల్ చూపించి పని చేసుకుంటున్నాడు.

డల్లాస్ యాప్స్:
ఆపిల్ వైపు ఇది కాస్త స్పష్టంగా ఉంటుంది. ఆపిల్ కంప్యూటర్ మీదే, అదనంగా రెండు మ్యాక్ ఓఎస్ వర్చువల్ మెషిన్లు, అవి కూడా డెవలప్‌మెంట్, టెస్టింగ్, సొంత వాడకం లాంటి కొన్ని పనులకే. ఎం1, ఆ తర్వాతి చిప్‌ల మీద మూడోది స్టార్ట్ చేయబోతే సిస్టమే ఆపేస్తుంది. యాప్ బిల్డ్‌లు చేసే మాకు రెండు సరిపోవు, దానిమీద నాకు కోపం ఉంది. కానీ రూల్ ఏమిటో ఎవర్నీ అడగక్కర్లేదు.

సర్వర్ రూమ్:
పెంగ్విన్ పల్లెతో ఒక విషయంలో నేనూ కలుస్తాను. ఇది ఖరీదైన చోట ఒకలా, చవకైన చోట ఒకలా ఉంది. విండోస్ సర్వర్ డేటాసెంటర్ ఎడిషన్ కొంటే ఎన్ని వర్చువల్ మెషిన్లయినా నడుపుకోవచ్చు. హోస్ట్ (వర్చువల్ మెషిన్లని మోసే అసలు మెషిన్) మైక్రోసాఫ్ట్ వాళ్ల హైపర్-వితో నడుస్తుంటే లోపలి సర్వర్ మెషిన్లు ఇంటర్నెట్ కూడా లేకుండా వాటంతటవే యాక్టివేట్ అవుతాయి, 2012 ఆర్2 నుంచి ఈ సదుపాయం ఉంది. స్టాండర్డ్ ఎడిషన్‌కి ప్రాసెసర్ కోర్లన్నిటికీ లైసెన్స్ తీసుకుంటే రెండు వర్చువల్ మెషిన్లు. అంటే వర్చువల్ మెషిన్ ఏ హోస్ట్ మీద ఉందో గుర్తించి దాని హక్కునే లోపలికి ఇవ్వడం వాళ్లకి బాగా తెలుసు. అదే మర్యాద ఒక లాప్‌టాప్, ఒకే వర్చువల్ మెషిన్ ఉన్నవాడికి ఎందుకు ఇవ్వరని అడగడంలో తప్పులేదు. ఇవ్వాలనే నేనూ అంటాను. ఇచ్చేదాకా మాత్రం ఇచ్చినట్టు నటించలేం.

బెజవాడ డీటీపీ:
యాక్టివేట్ చేయకుండా అలాగే వాడితే? వాల్‌పేపర్ మార్చుకోలేకపోవడం తప్ప పనికి అడ్డేమీ లేదు.

సర్వర్ రూమ్:
సరైన లైసెన్స్ ఉండి, యాక్టివేట్ అయితేనే వాడుకునే అధికారం అని షరతుల్లోనే ఉందండీ. పని నడవడం వేరు.

మీకు రెండు దారులున్నాయి. ఒకటి, ఉబుంటు పక్కనే విండోస్‌ని నేరుగా డిస్క్ మీద వేసుకుని డ్యూయల్ బూట్ (ఆన్ చేసినప్పుడల్లా రెంటిలో ఒకటి ఎంచుకోవడం) చేయడం. బయాస్‌లోని కీ అదే తీసుకుంటుంది, ఖర్చు లేదు, హక్కు గురించి ప్రశ్నే లేదు. కాకపోతే స్నాప్‌షాట్లు పోతాయి, పెన్‌డ్రైవ్ బెడద మళ్లీ వస్తుంది.

రెండోది, వర్చువల్ మెషిన్ కోసం రీటైల్ లైసెన్స్ కొనడం. వేలల్లో అవుతుంది. కొంటే బిల్లు దాచండి, లైసెన్స్‌ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి లింక్ చేయండి. స్నాప్‌షాట్‌తో వెనక్కి వెళ్లినా యాక్టివేషన్‌కి ఏమీ కాదు. క్లోన్ చేస్తేనే చిక్కు, హార్డ్‌వేర్ ఐడీ మారిపోతుంది. ఎప్పుడైనా వీఎంవేర్ అనే ఇంకో వర్చువల్ మెషిన్ ప్రోగ్రామ్‌లోకి మారి, ఆ మెషిన్ ఫోల్డర్‌ని ఇంకో డిస్క్‌కి తరలిస్తే 'మూవ్ చేశారా, కాపీ చేశారా' అని అడుగుతుంది. మూవ్ అనే చెప్పండి. కాపీ అంటే కొత్త ఐడీ, కొత్త మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు నంబరు) ఇస్తుంది, విండోస్ మళ్లీ యాక్టివేషన్ అడగొచ్చు.