తెలుగు కథల సైటుకి పేజీ వెడల్పు ఎంత పెట్టాలి?

గోదారిగట్టు:
మా కథల సైటు పేజీని 1400 పిక్సెళ్ళకి పెంచాను. పాఠకుల గ్రూపులో అడిగితే దాదాపు అందరూ 1920 పిక్సెళ్ళ తెర ఉన్న ల్యాప్‌టాపే అన్నారు. తీరా చూస్తే ఇద్దరు "పేజీని పక్కకి జరిపితే గానీ వాక్యం పూర్తవట్లేదు" అని మెయిల్ పెట్టారు. 1920లో 1400 ఎందుకు పట్టదు?

పాతకీబోర్డు:
వాళ్ళు చెప్పింది డబ్బా మీద రాసున్న అంకె తమ్ముడూ. విండోస్‌లో స్కేలింగ్, అంటే తెర మీద అన్నిటినీ పెద్దవి చేసి చూపే అమరిక, 125 శాతం ఉంటే బ్రౌజర్‌కి దక్కేది 1536, 150 అయితే 1280. పక్కన వాట్సాప్ పెట్టుకుని సగం తెరలో చదివేవాళ్ళ సంగతి సరేసరి. గ్రూపులో అడగడం మానేసి, బ్రౌజర్ విండో లోపలి వెడల్పు ఎంతుందో ఒక నెల నమోదు చెయ్యి. 1024 తెరల కాలంలో మేం 960 పెట్టుకున్నది స్క్రోల్‌బార్, అంచులు పోను హాయిగా పడుతుందనే. పైగా 12తోనూ 16తోనూ శేషం లేకుండా పోయేది, నిలువు వరసలు కట్టడం తేలిక.

కూకట్‌పల్లి_కోడర్:
ఇంకా ఈ అంకెల గోలేంటండీ? వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ 2010లోనే రెస్పాన్సివ్ డిజైన్ గురించి, అంటే తెరని బట్టి పేజీయే సర్దుకోవడం గురించి, చెప్పాడు. శాతాల్లో పెట్టి వదిలేయండి. డబ్బు పోసి పెద్ద మానిటర్ కొన్నది సగం తెలుపు చూడ్డానికా? 2023లో ఇంగ్లీషు వికీపీడియా పేజీ సన్నబడితే ఎంత గొడవైందో చూశాం కదా.

ఒత్తులపిచ్చి:
మీ శాతాలతో 2560 తెర మీద వరస చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చేసరికి ఏ వరసలో ఉన్నానో మర్చిపోతున్నాను. గరిష్ఠ వెడల్పు ఉండాల్సిందే. అలాగని ఇంగ్లీషు వెబ్ డిజైన్ పాఠాల్లోంచి వరస వెడల్పు "65 సీహెచ్" అని ఎత్తుకొచ్చి పెట్టకండి. సీహెచ్ అంటే సున్నా అంకె వెడల్పు. మన ఘ, ఝ, హా అంతకంటే చాలా వెడల్పు, కాబట్టి అందులో 65 అక్షరాలు పట్టవు. మీ ఫాంటులో ఒక పేరా పోసి కళ్ళతో చూసి తేల్చుకోండి. ఫోన్లో మాత్రం రెండు అంచులూ సమం చేయొద్దు, "చెప్పాల్సివచ్చినప్పటికీ" లాంటి మాట ఒక్కటి తగిలితే పై వరస పళ్ళూడిన నోరే.

కూకట్‌పల్లి_కోడర్:
సరే, గరిష్ఠం పెట్టుకోండి. వికీపీడియాలో ఉన్నట్టు వెడల్పు చేసుకునే బటనైనా ఇవ్వండి.

గోదారిగట్టు:
మెయిల్ పెట్టిన ఇద్దరిలో ఒకరు మా మావయ్యేనట! ఫోన్ చేశాను. అక్షరాలు ఆనట్లేదని ఎప్పుడూ 150 జూమ్‌లోనే చదువుతారట.

పాతకీబోర్డు:
స్కేలింగ్ 125 ఉందనుకో, దాని మీద జూమ్ 150. ఆయనకి మిగిలింది 1024. ముందు అక్షరం సైజు పెంచు తమ్ముడూ, వెడల్పు తర్వాత చూద్దాం.