గంగ విడుమా, గంగ విడువా?

బస్సు ప్రయాణికురాలు: నిన్నటి నుంచి ఒక్క అక్షరం నన్ను నమిలేస్తోంది. మాచర్ల నుంచి బస్సులో వస్తున్నా. సీసా అడుగున రెండు గుక్కలు మిగిలాయి, అవి కూడా కాగిపోయి ప్లాస్టిక్ వాసన. పక్క సీటు పెద్దాయన బయట నాపరాళ్ల దొంతరలు చూస్తూ ‘తిరిపెమున కిద్దరాండ్రా’ అని అందుకున్నారు. పల్నాట్లో నీళ్లు దొరక్క శ్రీనాథుడు శివుణ్ణి అడిగాడంటారే, ఆ పద్యం. నేను ఊరుకోలేక ‘పరమేశా గంగ విడుము పార్వతి చాలున్’ అని పూర్తి చేశా. ‘విడుము కాదమ్మా, విడువు’ అన్నారు. ఎందుకని అడిగేలోపు కారంపూడి వచ్చింది, దిగిపోయారు. ఏది సరైనదండీ?

కందం పిచ్చోడు: ఛందస్సు మీకు సాయం రాదు. ఆ పాదంలో మూడో గణం ‘గవిడుము’ అన్నా ‘గవిడువు’ అన్నా నలమే, అంటే నాలుగూ లఘువులే. యతి ప–పా, దానికి ఢోకా లేదు. ‘తిరిపెమునకు నిద్దరాండ్రా’ అని ఫార్వర్డులు పంపేవాళ్లను మాత్రం పట్టుకోవాలి. ఒక మాత్ర ఎక్కువై గణం విరుగుతుంది.

రిటైర్డ్ మాష్టారు: ఇందులో చర్చేముంది? నడుచు – నడువుము – నడువు. అలాగే విడుచు – విడువుము – విడువు. మా గురువుగారు అలాగే చెప్పారు, నేనూ పిల్లలకు అలాగే చెప్పాను.

కందం పిచ్చోడు: మాష్టారూ, నమస్కారం. ‘విడు’ అనే ధాతువు కూడా ఉంది కదండీ. ‘కోపము విడుము’ అనమా? మా గురువుగారు విడుము అనే చెప్పారు మరి. ఇక వాళ్లిద్దరూ తేల్చుకోవాలి.

పల్నాటి కోడలు: మీ ధాతువులు నాకు తెలియవు గానీ మా అత్తగారి ఊళ్లో ‘సాగర్ కుడికాలవకి నీళ్లు విడిచారా?’ అంటారు. పెళ్లాన్ని విడవడం, నీళ్లు విడవడం, రెంటికీ అదే మాట. దాహంతో అన్న పద్యమంటారు కదా, ఆ చమత్కారం ‘విడువు’లోనే ఉంది. ‘విడుము’ అంటే ఉత్త విడాకులే!

కందం పిచ్చోడు: విడుములోనూ నీళ్లు వస్తాయమ్మా, మీ చెవికి అలవాటు లేదంతే.

రాళ్లసీమ: అందరూ గంగ దగ్గరే ఆగిపోయారు. ‘పార్వతి చాలున్’ చూడండి. ఆవిడ ఎవరు? కొండ కూతురు. పల్నాట్లో రాళ్లకేం కొదవ? రాతి బిడ్డను నువ్వే ఉంచుకో, నీటిని మాకు వదులు అంటున్నాడు. ఈ మాట ఇంతవరకూ ఎవరూ అన్నట్టు లేదు.

రిటైర్డ్ మాష్టారు: ఎవరూ అనకపోవడానికి కారణం ఉంటుంది నాయనా. ఊహ ముచ్చటగా ఉంది, కానీ శ్రీనాథుడి నెత్తిన పెట్టకు.

సందేహాలరావు: అసలు శ్రీనాథుడిదేనని ఎవరన్నారు? కాశీఖండం, భీమఖండం అంటే సరే. ఇది చాటువు, ఏ కావ్యంలోనూ లేని విడిపద్యం. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి లాంటివాళ్లు పూనుకుని పోగుచేసేదాకా నోటి మీద బతికిన సరుకు. నోటి పద్యానికి అసలు పాఠం వెతకడమేమిటండీ? ఎవరి నోట్లో ఎలా ఉంటే అదే పాఠం.

పల్నాటి కోడలు: ఆయనది కాకపోతే మా జొన్నకూడును అంత కసిగా ఎవరు తిడతారు? ‘కుసుమాస్త్రుండైన జొన్నకూడే కుడుచున్’ అన్నాడు, మన్మథుడైనా ఇక్కడ జొన్నకూడే తినాలట. రంభ చేత ఏకులు వడికించాడు. పెళ్లయిన కొత్తలో ఆ పద్యం చదివి మా ఆయనతో రెండ్రోజులు మాట్లాడలేదు.

రిటైర్డ్ మాష్టారు: ఆయనదే అనే ‘ఫుల్లసరోజనేత్ర’ పద్యం మరిచారేం? పూతన చన్నుల చేదు తాగాను, దవాగ్ని, అదే అడవి మంట, మింగాను అని నిక్కుతున్నావు గానీ, చింతచిగురు వేసిన ఉడుకు బచ్చలికూర జొన్నకూటితో ‘మెల్లన’ ఒక్క ముద్ద దించు, నీ పస చూస్తాను అని కృష్ణుడికే సవాలు! ఆ ‘మెల్లన’ అన్న మాట దగ్గర నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. ముద్ద దిగడం లేదని తెలుస్తుంది చూడండి.

కందం పిచ్చోడు: అన్నట్టు, శ్రీనాథుడు హంపీ విజయనగరం వెళ్లినప్పుడు ‘తల్లీ! కన్నడ రాజ్యలక్ష్మి! దయ లేదా’ అని బతిమాలాడు. పల్నాటి కొచ్చేసరికి దేవుళ్లను గదమాయిస్తున్నాడు. గదమాయింపుకి ‘విడుము’ మరీ మర్యాదగా ఉందేమో. కొంచెం మెత్తబడుతున్నా. ఒప్పుకున్నట్టు కాదు.

సందేహాలరావు: దానికంటే ముందు తేలాల్సింది ఇంకోటుంది. తిరిపెము అంటే బిచ్చం. బిచ్చగాడు కాదు. ‘బిచ్చానికి ఇద్దరు పెళ్లాలా’ ఏమిటి?

రిటైర్డ్ మాష్టారు: హమ్మయ్య, ఇప్పటికి ఒక మంచి ప్రశ్న వచ్చింది! పద్యం మొదట ‘సిరిగలవానికి చెల్లును తరుణుల పదియారువేల తగ పెండ్లాడన్’ అని కృష్ణుడు ఉన్నాడు, లక్ష్మి గలవాడూ ఆయనే, డబ్బు గలవాడూ ఆయనే. దానికి ఎదురుగా ఈ శివుడు ఒట్టి తిరిపెం. మనిషిని కూడా మిగల్చలేదు. సాయంత్రం వివరంగా రాస్తాను.

బస్సు ప్రయాణికురాలు: మాష్టారూ, నేనడిగింది వు, ము…

రిటైర్డ్ మాష్టారు: అది వు అని మొదటే చెప్పాను కదమ్మా.

కందం పిచ్చోడు: చెప్పారు. తేలలేదు.